తాప్‌లైన్ దాకా

హౌస్ డ్రైవర్ పని అన్నారు. నెలకు 1,200 రియాళ్లు. తిండీ గదీ కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, చూసుకుంటాడు. వీసాకూ టికెట్‌కూ కలిపి 80 వేలైంది. అందులో చాలా భాగం నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలు. 2015లో దసరా వెళ్లాక శంషాబాద్‌లో విమానం ఎక్కాను. అప్పుడు మాది కరీంనగర్ జిల్లా. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. మా నాన్న వాళ్లు భీవండి మగ్గాల మీదికి పోయేవాళ్లు, నేను సౌదీ పోతున్నాను, అంతే తేడా అనుకున్నాను.

జరిగింది ఇన్నాళ్లూ ఎవరికీ వరసగా చెప్పలేదు. ‘ఆడుజీవితం’ సినిమా వచ్చాక అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మలయాళంలో బెన్యామిన్ 2008లో తెచ్చిన నవల అది. దర్శకుడు బ్లెస్సీ ఏళ్ల తరబడి దాని వెంట పడి, పృథ్వీరాజ్‌తో తీసి, 2024 మార్చి 28న విడుదల చేశాడు. కేరళ నుంచి పని కోసం సౌదీ పోయిన నజీబ్‌ను ఎయిర్‌పోర్టు నుంచే ఒక అరబ్బు తీసుకుపోయి ఎడారిలో గొర్రెలకూ మేకలకూ కాపలా పెడతాడు. అక్కడి నుంచి అతను ఎట్లా బయటపడ్డాడన్నది కథ. నిజంగా జరిగినదాన్ని పట్టుకుని రాసిందే. తెలుగులోకి కూడా డబ్ చేశారు. నేను థియేటర్‌కు పోలేదు. చీకటి హాల్లో దాదాపు మూడు గంటలు కూర్చోగలనన్న నమ్మకం లేదు. తర్వాత మా అబ్బాయి ఫోన్‌లో కొంచెం కొంచెంగా చూశాను. “నిజంగా గట్లనే ఉంటదా?” అని ఊళ్లో అడుగుతారు. కొంత అట్లనే ఉంటుంది. కొంత ఉండదు.

నన్నెవరూ ఎత్తుకుపోలేదు. రియాద్ ఎయిర్‌పోర్టుకు వీసా ఇచ్చిన కఫీలే వచ్చాడు. నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. పాస్‌పోర్టు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. రాత్రంతా ఉత్తరానికి బండి నడిపాడు. ఇరాక్ సరిహద్దుకు దగ్గర్లో రఫ్హా అనే ఊరుంది. ఆ పక్కనే వాళ్ల ఇల్లు. రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నాను. కారు కడిగాను, సామాన్లు మోశాను. మూడో రోజు బార్లీ బస్తాలు నింపిన పికప్ ఎక్కమన్నాడు. తారు రోడ్డు దిగి గంటకు పైగా రాళ్ల మీద పోయాం. ఒక గుడారం, ఇనుప కంచె కట్టిన దొడ్డి, చక్రాల మీద నీళ్ల ట్యాంకు, రెండు కుక్కలు, సూడాన్ నుంచి వచ్చిన ఒక ముసలాయన. బస్తాలు దింపించి, నన్నూ దింపి, “బుక్రా” అని వెళ్లిపోయాడు. రేపు వస్తానని. వారం దాటాక వచ్చాడు.

ఆ రాత్రి ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. ముసలాయన లేచి పొయ్యి వెలిగించి టీ పెట్టాడు. నా వైపు చూడకుండా గ్లాసు పక్కన పెట్టి మళ్లీ పడుకున్నాడు.

మొదటి నెలంతా పని నేర్చుకోవడమే. మా ఊళ్లో కురుమలు గొర్రెలు కాస్తారు. వాళ్ల పని ఎంత కష్టమో నాకప్పటిదాకా తెలియదు. అక్కడ గొర్రెలు మూడు వందల పైనే. తెల్లవారక ముందే లేచి తొట్లు నింపాలి, బార్లీ పోయాలి, కుంటివాటినీ ఈనబోయేవాటినీ వేరు చేయాలి. రాత్రి తోడేళ్లకూ దొంగలకూ కాపలా. భాష రాదు. ముసలాయనకు అరబ్బీ తప్ప రాదు. మోయా అంటే నీళ్లు, మాఫీ అంటే లేదు, ఫులూస్ అంటే పైసలు. ఈ మూడు మాటలతోనే చాలా రోజులు గడిచాయి. తలకు గుడ్డ ఎట్లా చుట్టుకోవాలో ఆయనే చూపించాడు. బూట్లు దులిపి వేసుకోవాలని, తేళ్లుంటాయని చెప్పాడు. దాహం వేశాక తాగడం కాదు, వేయకముందే గుక్కెడు గుక్కెడు తాగుతుండాలని చెప్పాడు. ఈ చివరిది మాటల్లో చెప్పలేదు. నా చేతికి గంటకోసారి గ్లాసు ఇచ్చేవాడు.

సినిమాలో ఎక్కడ చూసినా ఇసుక తిన్నెలు. షూటింగ్ జోర్డాన్‌లోని వాదీ రమ్‌లోనూ, అల్జీరియా వైపు సహారాలోనూ చేశారట. నేనున్న చోట ఇసుక తక్కువ. అంతా చదును నేల, నల్లటి రాళ్లు, కంకర. ఆ ప్రాంతాన్ని అల్ హజారా అంటారు. ఆ రాళ్ల మీద ప్లాస్టిక్ చెప్పులు నెల కూడా ఆగవు. పాత టైరు ముక్క కోసి అడుగున కట్టుకున్నాను. అక్కడ గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. గుడారానికి వీపు పెట్టి కాసేపు నడిచి తిరిగి చూస్తే గుడారం కనబడదు. ఒకసారి తప్పిపోయిన గొర్రె కోసం పోయి గుడారం కనబడక కాళ్లు వణికాయి. అరిచాను. కుక్క మొరిగింది. ఆ మొరుగుడు పట్టుకుని వచ్చాను. ఆ తర్వాత ఒక్కడినే దూరం పోలేదు.

అందరూ అడిగే రెండో మాట ఒకటుంది. ముందే ఎందుకు పారిపోలేదు? అడిగేవాళ్ల మీద కోపం లేదు, కానీ ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఎటు పోవాలో తెలియదు. పాస్‌పోర్టు లేదు, అక్కడ ఉండేందుకు ఇచ్చే కార్డు, ఇఖామా, చేయించలేదు. పోలీసులు పట్టుకుంటే జైలు అని విన్నాను. అన్నిటికంటే పెద్దది మిత్తి. చలికాలంలో ఒకసారి కఫీల్ 2,000 రియాళ్లు ఇంటికి పంపాడు. పంపిన రసీదు తెచ్చి చూపించాడు. నాకు చాలా సంతోషమైంది. సిగ్గుపడాల్సిన సంగతే కానీ ఆ రోజు అతని చెయ్యి ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాను. ఆ రసీదు మీద ఆశతోనే ఎండాకాలం దాకా ఉండిపోయాను. ఆ తర్వాత రూపాయి పంపలేదు. కొట్టాడా అని అడుగుతారు. రెండుసార్లు కొట్టాడు, పైపు ముక్కతో. సినిమాలో చూపించినంత లేదు. కానీ అతని పికప్ దుమ్ము దూరంగా లేస్తే నాకు కడుపులో తిప్పేది. ఇప్పటికీ పొలం తొవ్వలో తెల్ల బండి దుమ్ము లేపుకుంటూ వస్తే పక్కకు జరిగి నిలబడతాను.

2016 రంజాన్ జూన్ మొదటి వారంలో మొదలైంది. అక్కడ ఆ నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పొద్దున తొమ్మిదికే ఇనుము ముట్టుకోలేం. ముసలాయన ఉపవాసం పట్టాడు. ఆ ఎండలో, ఆ పనిలో, పదిహేను గంటలు నీటిచుక్క లేకుండా ఉండేవాడు. నీళ్ల లారీని అక్కడ వాయత్ అంటారు. మామూలుగా అది మూణ్నాలుగు రోజులకోసారి వచ్చి ట్యాంకు నింపి పోయేది. ఉపవాసాలు మొదలైన రెండో వారంలో అది రాలేదు.

మొదటి రోజు మేం పట్టించుకోలేదు. ట్యాంకులో అడుగున కొంచెం ఉంది. సాయంత్రం దాకా గొర్రెలకు సగం సగం పోశాం.

రెండో రోజు పొద్దున గొర్రెలు తొట్టి చుట్టూ మూగి కదల్లేదు. ఖాళీ తొట్టిని నాకుతున్నాయి. ఆ చప్పుడు వినలేక గుడారంలోకి పోయి కూర్చున్నాను. మా ఇద్దరికీ మిగిలింది పసుపుపచ్చ క్యాను ఒక్కటే, ఇరవై లీటర్లది. దానికి గోనెసంచి చుట్టి నీడలో పెట్టాం. సగానికి తక్కువే ఉంది. ముసలాయన రేకు గ్లాసుతో కొలిచి చూపించాడు. నీకు ఇన్ని, నాకు ఇన్ని. ఆయనవి రాత్రికి, నావి పగటికి.

మూడో రోజు. ఒంటేలు ముదురు టీ రంగులో వచ్చింది, మంట పుట్టింది. ఖుబూస్ రొట్టె నమిలితే గొంతు దిగలేదు. సినిమాలో నజీబ్ ఎండిన ఖుబూస్ నీళ్లలో ముంచుకు తింటుంటే మా అబ్బాయి “ఎట్ల తిన్నడు నాన్నా?” అన్నాడు. ముంచడానికి నీళ్లున్నాయి కదా అనుకున్నాను. మధ్యాహ్నానికి రెండు గొర్రెలు పడిపోయాయి. గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. కూర్చున్నా ఆగలేదు. చచ్చిపోతాననే ఆలోచన ఒక్కటే తిరుగుతోంది. ఇంటివాళ్లు యాదికి వచ్చారని చెప్తే బాగుంటుంది, కానీ రాలేదు. క్యాను ఒక్కటే కళ్ల ముందుంది.

ముసలాయన పడుకుని ఉన్నాడు. ముఖం మీద గుడ్డ కప్పుకున్నాడు. నా వంతు నేను తాగేశాను. మూత తిప్పి ఆయన వంతు తాగాను. ఒక గ్లాసు అనుకున్నాను. క్యాను ఎత్తి పట్టి తాగాను. ఉపవాసం ఉన్న మనిషి రాత్రి కోసం దాచుకున్న నీళ్లు అవి. తాగి మూత పెట్టి, గోనెసంచి మళ్లీ అంతకుముందు ఉన్నట్టే చుట్టి పెట్టాను.

పొద్దు గుంకాక ఆయన ఖర్జూరం నోట్లో పెట్టుకుని క్యాను ఎత్తాడు. తేలిగ్గా లేచింది. ఒక క్షణం అట్లనే పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. గ్లాసులోకి వంచుకున్నాడు, సగం కూడా రాలేదు. తాగాడు. నమాజు చేసుకున్నాడు. పడుకునే ముందు క్యాను తీసుకొచ్చి నా పక్కన పెట్టి పోయాడు. ఖాళీ అయినా నా పక్కనే పెట్టాడు. దాని అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. నువ్వు పిల్లవాడివి, నీకే కావాలి అనా, లేక నీ దగ్గరే ఉంచుకో అనా. అడిగే ధైర్యం రాలేదు. అడగడానికి భాషా లేదు.

నాలుగో రోజు పొద్దున వాయత్ వచ్చింది. టైరు పగిలిందన్నాడు డ్రైవర్. చచ్చిన గొర్రెల లెక్క కఫీల్ మా జీతంలో రాసుకున్నాడు. నీళ్లు తొట్లో పడుతుంటే గొర్రెలను తోసుకుని నేను కూడా తొట్లో ముఖం పెట్టి తాగాను. డ్రైవర్ నవ్వాడు. నవ్వినా ఆగలేదు.

ఆ ఎండాకాలం తర్వాత బయటపడాలని గట్టిగా అనుకున్నాను. ఎట్లా అన్నది చలికాలం దాకా తోచలేదు.

అక్కడ అక్టోబర్, నవంబర్‌లో వానలు పడితే జనవరి నుంచి నేలలో ఒక రకం దుంపలాంటిది ఊరుతుంది. ఫగా అంటారు. పుట్టగొడుగు జాతిది. మట్టి కొంచెం ఉబ్బి పగిలిన చోట కర్రతో కదిపితే బయటపడుతుంది. రుగ్రుగ్ అనే చిన్న పొద ఉన్న దగ్గర వెతకాలి. అరబ్బులకు అది మహా ఇష్టం, ధర కూడా ఎక్కువే. దాని కోసం పట్నాల నుంచి కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చి గుడారాలు వేస్తాయి. అంతకుముందు చలికాలం వానలు సరిగా లేవు, ఎవరూ రాలేదు. 2017 మొదట్లో నేల పచ్చబడింది. జనం వచ్చారు.

గొర్రెలతో తిరిగేవాడికి రుగ్రుగ్ ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. ఒక కుటుంబానికి చూపించాను. వాళ్ల డ్రైవర్ పెషావర్ పఠాన్. “కహాఁ సే హో?” అన్నాడు. ఏడాది దాటాక నాకు అర్థమయ్యే భాష విన్నాను. మన దిక్కు ఉర్దూ అందరికీ అంతో ఇంతో వస్తుంది కదా. జవాబు చెప్పబోతే గొంతులోంచి మాట సరిగా రాలేదు. అన్నాళ్లూ గొర్రెలను అదిలించడానికే నోరు తెరిచాను.

అతను ఫోన్ ఇచ్చాడు. ఊరి సర్పంచ్ ఇంటి నంబర్ ఒక్కటే నోటికొచ్చు. వాళ్లు పోయి నా భార్యను పిలుచుకొచ్చారు. నేను మాట్లాడుతుంటే ఆమె “ఎవరు? ఎవరు మీరు?” అని అడిగింది. నా గొంతు గుర్తుపట్టలేదు. పెళ్లిలో మా బామ్మర్ది ఉంగరం పోగొట్టిన సంగతి చెప్పాక నమ్మింది. అప్పటికే నేను చనిపోయానని ఒకరిద్దరు అన్నారట. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడట.

పఠాన్‌ను బండిలో తీసుకుపొమ్మని బతిమాలాను. కాళ్లు పట్టుకున్నాను. కుదరదన్నాడు. పారిపోయినవాణ్ని ఎక్కించుకుంటే అతనికి జైలు, పైగా ఇంటికి పంపేస్తారు. అతనికీ పిల్లలున్నారు. అది నిజమే, ఆ రోజు నాకు కోపం వచ్చింది కానీ నిజమే. బదులుగా అతను ఒక పని చేశాడు. తాప్‌లైన్ ఎటుందో చూపించాడు. అమెరికా కంపెనీలు సౌదీ నూనెను లెబనాన్‌లోని సిడోన్ రేవుకు పంపడానికి 1950 నాటికి వేసిన పైపు అది. ఎప్పుడో ఆగిపోయింది. కొన్నిచోట్ల నేల మీదే కనబడుతుంది. దాని పొడవునా పెద్ద రోడ్డు పోతుంది. రోడ్డు మీద లారీలు. పైపు దొరికేదాకా రాత్రుళ్లే నడువు, దొరికాక దాన్ని వదలకుండా పడమటికి పో, పెట్రోలు బంకు వస్తుంది, అక్కడ కేరళవాళ్ల టీ కొట్టు ఉంది, అని నేల మీద కర్రతో గీసి చూపించాడు. వాళ్లు తిరిగి పోయేటప్పుడు పైపు పక్కన పాత డ్రమ్ము దగ్గర నాలుగు నీళ్ల సీసాలు రాళ్ల కింద పెట్టి పోతానన్నాడు.

ముసలాయనకు చెప్పాను. రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన జీతం ఏళ్ల తరబడి బాకీ ఉంది. అది వదిలేసి పోతే ఇన్నేళ్లు చేసింది దేనికి? నేను బయలుదేరిన రాత్రి కుక్కలను ఆయనే కట్టేశాడు. తన ఫర్వా తీసి నాకు ఇచ్చాడు. గొర్రెతోలు లోపల కుట్టిన బరువైన కోటు అది. ఫిబ్రవరి రాత్రి అక్కడ నీళ్లు గడ్డకడతాయి. ఆయనకు ఇంకొకటి లేదు.

మొదటి రాత్రి దూరంగా లారీల దీపాలు కనబడ్డాయి. తెల్లారేదాకా నడిచినా ఆ దీపాలు అంతే దూరంలో ఉన్నాయి. చదును నేల మీద వెలుగు దూరం తెలియదు. పొద్దెక్కేలోగా పాత రాతి కట్టడం ఒకటి దొరికింది. దిగుడుబావిలాగా మెట్లు, అడుగున వాననీళ్లు. పచ్చగా ఉన్నాయి. గుడ్డలో వడగట్టి తాగి, పగలంతా గోడ నీడలో పడి ఉన్నాను. అది జుబైదా దారి మీది నీటి తొట్టి అని తర్వాత రియాద్‌లో ఒక మలయాళీ చెప్పాడు. పన్నెండు వందల ఏళ్ల కింద కూఫా నుంచి మక్కా పోయే యాత్రికుల కోసం ఖలీఫా హరూన్ అల్ రషీద్ భార్య జుబైదా ఆ దారి పొడవునా నీళ్లకు కట్టించిన వాటిలో ఒకటి. నేను దాని మెట్ల మీద పడుకున్నప్పుడు అదేమీ తెలియదు. పికప్ చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉన్నాను. మధ్యాహ్నం ఒక బండి చప్పుడు వినిపించింది. నీళ్లలోకి దిగి మెడ దాకా కూర్చున్నాను. అది ఎవరి బండో నాకు తెలియదు. చప్పుడు పోయాక చాలాసేపు లేవలేకపోయాను.

రెండో రాత్రి తడి బట్టలతో చలికి పళ్లు కొట్టుకున్నాయి. ఫర్వా లేకపోతే ఆగిపోయేవాణ్ని. పైపుకు చెయ్యి తగిలినప్పుడు చీకట్లో ముందు అదేమిటో అర్థం కాలేదు. తెల్లారాక డ్రమ్ము కనబడింది. రాళ్లు తీశాను. సీసాలు నాలుగు కాదు, ఆరు ఉన్నాయి. ఒక కవర్లో రొట్టెలు, యాభై రియాళ్లు. ఆ పఠాన్ పేరు నేను అడగలేదు. అతనూ నా పేరు అడగలేదు.

సినిమాలో నడకే పెద్ద భాగం. నాకు నడక కంటే తర్వాతిది ఎక్కువ భయం. బంకు దగ్గర టీ కొట్టు మలయాళీ నన్ను చూడగానే లోపలికి లాగి తలుపు వేశాడు. వాసన వస్తున్నానని నాకే తెలుసు. అతను ముక్కు మూసుకోలేదు. వేడి నీళ్లు పెట్టాడు, తన లుంగీ ఇచ్చాడు, అన్నం వండాడు. అన్నం. దాన్ని చూసి చేతులు ఆగలేదు, వాంతి చేసుకున్నాను, మళ్లీ తిన్నాను. రాత్రి రియాద్ పోయే టమాటాల లారీ యమనీ డ్రైవర్‌తో మాట్లాడి పంపించాడు. మధ్యలో చెక్‌పాయింట్ వచ్చింది. సిపాయి టార్చి నా ముఖం మీద వేశాడు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను. లుంగీ తడిసిపోయింది. డ్రైవర్ కాగితాలు చూసి పంపించేశాడు. యమనీ నా వైపు చూసి అద్దం కిందికి దించాడు. ఏమీ అనలేదు.

రియాద్‌లో బత్తా అనే చోట మనవాళ్లు ఎక్కువ. నిజామాబాద్ నుంచి వచ్చిన అన్న ఒకాయన గదిలో చోటిచ్చాడు. ఆరుగురుండే గది, నేను ఏడోవాణ్ని. వాళ్లు పనికి పోయాక బయట గడియ వేసుకుని పోయేవాళ్లు, తనిఖీలకు భయపడి. కఫీల్ నా మీద హురూబ్ పెట్టాడని తెలిసింది. పని వదిలి పారిపోయాడని ఫిర్యాదు. అది పడితే మన మాట ఎవరూ వినరు. సౌదీ కార్మిక చట్టంలో ఇంటి పనివాళ్లూ గొర్రెల కాపర్లూ లేరని కూడా ఆ గదిలోనే తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించొద్దన్న నిబంధన ఉందట. నవ్వొచ్చింది.

నేను ఊరి నుంచి తెచ్చి బనీను సంచిలో కుట్టి దాచుకున్న 500 నోట్లు మూడు అన్నకు ఇచ్చాను, ఖర్చులకు పెట్టుకోమని. గదంతా ఒక్కసారి చూసింది. 2016 నవంబర్‌లో ఆ నోట్లు రద్దయ్యాయి. నాకు తెలియదు. ఎవరూ నవ్వలేదు. అన్న వాటిని మడిచి నా చేతిలోనే పెట్టి “ఉండనీ తమ్మీ” అన్నాడు.

2017 మార్చి 29 నుంచి సౌదీ ప్రభుత్వం ప్రకటించిన క్షమాభిక్ష అమల్లోకి వచ్చింది. కాగితాలు లేనివాళ్లు 90 రోజుల్లో జరిమానా లేకుండా పోవచ్చు. నాకది రాకపోతే ఏమయ్యేదో చెప్పలేను. మన ఎంబసీ దగ్గర లైన్ గేటు దాటి చాలా దూరం ఉంది. పాస్‌పోర్టు లేదు కాబట్టి ఇంటికి పోవడానికి ఔట్‌పాస్ ఇచ్చారు. ఫారంలో జిల్లా కరీంనగర్ అని రాస్తే వెనకాల కోరుట్ల మనిషి “మనది ఇప్పుడు జగిత్యాల అన్నా” అన్నాడు. నేను ఎడారిలో ఉండగానే, 2016 అక్టోబర్‌లో, కొత్త జిల్లాలు అయ్యాయి. కొట్టేసి మళ్లీ రాశాను. టికెట్ పైసలు బత్తా గదిలో ఆరుగురూ వేసుకున్నారు. ఆ బాకీ తీర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఊళ్లో మిత్తి బాకీకి నా భార్య పుస్తెలు తప్ప అన్నీ అమ్మింది.

సినిమా చివర్లో ఒక చోట ఫోన్ ఆపేసి బయటికి పోయాను. జైల్లో వరసగా నిలబెట్టినవాళ్లను ఆ అరబ్బు చూస్తూ వచ్చి నజీబ్ దగ్గర ఆగుతాడు. నజీబ్ అతని వీసా మీద వచ్చినవాడు కాదు. అందుకే వదిలేసి పోతాడు. అంత ఎడారి దాటినవాడు కూడా చివరికి కాగితం వల్లే బతికాడు. నేనైతే నా కఫీల్ వీసా మీదే ఉన్నాను. ఆ వరసలో నేను నిలబడి ఉంటే నన్ను లాక్కుపోయేవాడు. ఆ రాత్రి నిద్రపోలేదు.

ముసలాయన సంగతి తెలియదు. ఎల్ ఒబెయిద్ దగ్గర తన ఊరని చెప్పేవాడు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక ఆ పేరు టీవీలో విన్నాను. ఆయన ఊరికి పోయాడో, ఆ గుడారంలోనే ఉన్నాడో, నేను పారిపోయాక నా వల్ల ఆయనకు ఏమైందో. కనుక్కునే దారి నాకు లేదు. ఫర్వా ఇంట్లో ఉంది, ఎవరినీ తీయనివ్వను.

ఇప్పుడు స్కూలు వ్యాను నడుపుతున్నాను. పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. వద్దని నేను చెప్పను, చెప్పినా వినరు, ఇక్కడ పని చూపించలేనివాణ్ని వద్దనే హక్కు కూడా లేదు. మొన్న పక్క ఊరి అతను భార్యతో కలిసి వచ్చాడు. హౌస్ డ్రైవర్ వీసానే. నేను చెప్పింది ఇంతే. వీసా కాగితం, పాస్‌పోర్టు మొదటి పేజీ, కఫీల్ పేరు, ఫోన్ నంబర్ ఫొటో తీసి ఇంట్లో పెట్టు. దిగిన రోజే ఉన్న చోటు లొకేషన్ పంపు. చోటు మారిస్తే మళ్లీ పంపు. ఫోన్ నంబర్లు రెండైనా నోటికి రావాలి, ఫోన్ ముందు లాక్కుంటారు. ఇఖామా మూడు నెలల్లో చేతికి రాకపోతే అడుగు. అతను “సిగ్నల్ లేని జాగ అయితే?” అన్నాడు. రెండు రోజులు మాట్లాడకపోతే ఇంటివాళ్లు ఆగొద్దు, పాస్‌పోర్టు నంబర్‌తో విదేశాంగ శాఖ ‘మదద్’ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాలి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణికి పోవాలి అని చెప్పాను. అతను తల ఊపాడు. అతని భార్య మాత్రం పిల్లాడి నోటుబుక్కులోంచి కాగితం చింపి అన్నీ రాసుకుంది, ‘మదద్’ అన్న మాట దగ్గర ఆగి రెండుసార్లు అడిగింది. వచ్చే నెల అతని టికెట్.